లెక్క పుట్టిన చోటి నుంచి

ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి లెక్కల మీద నడిచే ఊరు. బైలాడిలా కొండ మీద ఐదో నంబరు డిపాజిట్, అంటే ఇనుప రాతి గని, 1977లో మొదలైంది. అప్పటి నుంచి ఇక్కడ ప్రతి షిఫ్టూ ఒక లెక్కే. ఎన్ని డంపర్లు దిగాయి, రాయిలో ఇనుము నూటికెన్ని పాళ్లు, ఒక్కో వ్యాగన్‌లో ఎన్ని టన్నులు పడ్డాయి, కొత్తవలస లైను మీదుగా విశాఖ రేవుకు ఎన్ని గూడ్సులు కదిలాయి అన్నవే ఊరి మాటలు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఈ లెక్కల మధ్యే పిల్లల్ని పెంచుకున్నాయి. షావెల్ మీద కూర్చున్న మనిషి బకెట్ నిండిన తీరు చూసి బరువు చెప్పేస్తాడు. అదే మనిషి ముందు కూతురి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పెడితే, "నాకు లెక్కలు రావమ్మా, మాస్టారిని అడుగు" అంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆయనకు లెక్క రాకపోవడం ఏమీ లేదు. పుస్తకం ఆయనకు జవాబులు మాత్రమే చూపించింది. సూత్రం ముందు, దాని కింద ఉదాహరణ, ఆ కింద అభ్యాసం. ఈ సూత్రం ఎవరికి, ఎందుకు కావలసి వచ్చిందో, అది దొరికే ముందు వాళ్లు ఎక్కడెక్కడ తడబడ్డారో ఎక్కడా ఉండదు. ప్రశ్న తెలియకుండా జవాబు మోయమంటే ఎవరికైనా బరువే. గణితాన్ని దాని చరిత్రతో కలిపి చదివితే ఆ ప్రశ్న మళ్లీ మన చేతికి వస్తుంది. అందుకే ఇంజనీర్లకూ ప్రొఫెసర్లకూ కంటే, బడి వదిలి ఏళ్లయిన మామూలు మనిషికే ఈ దారి ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం. ఆ దారి మొదలు వెతుక్కుంటూ గ్రీకుల దాకా వెళ్లక్కర్లేదు. తెలుగు పద్యం చదవడం వస్తే చాలు.

తెలుగులో తొలి గణిత గ్రంథం పావులూరి మల్లన రాసిన సారసంగ్రహ గణితం. పదకొండో శతాబ్దపు కవిగా సాహిత్య చరిత్రలు ఆయన్ను చెబుతాయి. జనం వాడుకలో అది పావులూరి గణితం. దానికి మూలం సంస్కృతంలో మహావీరాచార్యుడు క్రీ.శ. 850 ప్రాంతంలో రాసిన గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు, మాన్యఖేటం రాజధానిగా ఏలిన రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం వాడు. మల్లన శైవుడు. మూలంలోని జైన ప్రస్తావనల చోట శైవ ప్రస్తావనలు పెట్టాడు, కొత్త ఉదాహరణలు చేర్చాడు. వర్గం, ఘనం కట్టడానికి మహావీరుడు ఎన్నో పద్ధతులు చెబితే, వాడుకకు వీలైనదాన్ని ఉంచి తక్కినవి వదిలేశాడు. ఎవరి కోసం రాస్తున్నాడో తెలిసిన రచయిత చేసే పని అది. వెయ్యేళ్ల కిందటే మన భాషలో, నిపుణులు కానివాళ్ల కోసం లెక్కను తిరగరాసిన మనిషి ఉన్నాడన్నమాట.

మల్లన పేరు వింటే తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది చదరంగం గళ్ల పద్యం. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. మల్లన ఈ సంఖ్యను ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. ఆ ఇమడ్చడం ఎలా జరిగిందో చూడటమే మన మొదటి పాఠం.

అంకెల బదులు మాటలు వాడటాన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి శశి అన్నా తుహినాంశుడన్నా 1. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, తర్కాలు ఆరు, కొండలు ఏడు, దిక్కులను మోసే ఏనుగులు ఎనిమిది, ఒంటి రంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న. బ్రహ్మ ముఖం అంటే నాలుగు. మాటలను వరుసగా పేర్చి అంకెలను కుడి నుంచి ఎడమకు రాసుకోవాలి. మల్లన పద్యం బాణంతో, అంటే 5తో, మొదలై చంద్రుడితో, అంటే 1తో, ముగుస్తుంది. మన సంఖ్య చివరి అంకె 5, మొదటి అంకె 1. సరిపోయింది కదా.

ఇది పండితుల చమత్కారం మాత్రమే అనుకుంటే దాని అసలు ప్రయోజనం మన కంట పడదు. తాటాకు మీద 4 అని అంకె గీస్తే, రెండు తరాల తర్వాత నకలు రాసేవాడు దాన్ని ఇంకో అంకెగా చదవవచ్చు. పట్టుకునేవాడు ఉండడు. అదే చోట వేదం అని మాట ఉంటే తప్పు రాయడం కష్టం. రాసినా గణం చెడుతుంది, యతి చెడుతుంది, చదివేవాడి చెవి పట్టేస్తుంది. ఒక్కో అంకెకు చాలా మాటలు ఉండటం కూడా అందుకే. నాలుగుకు రెండక్షరాల మాట కావాలా, నాలుగక్షరాలది కావాలా అన్నది ఛందస్సు తేలుస్తుంది. మల్లన ఈ ఒక్క పద్యంలోనే నాలుగు అంకెను నాలుగు వేర్వేరు మాటలతో చెప్పాడు. కంప్యూటర్లలో సంఖ్యల వెంట తనిఖీ అంకెలు పంపుతారు. ఆ పనిని ఇక్కడ ఛందస్సు చేసింది.

మరి ఇంత పెద్ద సంఖ్యను ఆయన ఎలా కట్టి ఉంటాడు? ఒక్కో గడికీ రెట్టిస్తూ పోతే 63 సార్లు రెట్టించి, ఆ పైన 64 సంఖ్యలను కూడాలి. కాగితం తీసి చిన్న ప్రయత్నం చేయండి. 1, 2, 4, 8 కూడితే 15. తర్వాతి గడి 16. ఇంకొక గడి కలిపి చూడండి: 31, తర్వాతి గడి 32. ఎప్పుడు ఆగినా మొత్తం తర్వాతి గడికి ఒకటి తక్కువ. అంటే మనం ఏమీ కూడనక్కర్లేదు, 65వ గడిలో ఎన్ని ఉంటాయో తెలిస్తే చాలు. అది కూడా రెట్టిస్తూ పోనక్కర్లేదు. 2ను దానితోనే గుణిస్తే 4. 4ను దానితోనే గుణిస్తే 16. అలాగే 256, ఆ తర్వాత 65,536, ఆ తర్వాత 4,29,49,67,296. దీన్ని ఇంకొక్కసారి దానితోనే గుణిస్తే 65వ గడి వచ్చేస్తుంది. మొత్తం ఆరు గుణకారాలు, చివర ఒకటి తీసివేత. చివరి గుణకారం పెద్దదే. అయినా ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. దయచేసి కాలిక్యులేటర్ వాడకండి. మామూలు కాలిక్యులేటర్‌లో ఇరవై అంకెలు పట్టవు కూడా.

ఆ గింజలు ఎంత బరువుంటాయో మన ఊరి కొలతలో చూద్దాం. గ్రాముకు 40 బియ్యపు గింజలు అనుకోండి. పలక సగం దాకా, అంటే 32 గళ్లకు, సుమారు 107 టన్నులు. బరువు చూసుకుంటే రెండు వ్యాగన్ల సరుకు. పలక మొత్తానికి సుమారు 46 వేల కోట్ల టన్నులు. గూడ్సుకు 4 వేల టన్నుల చొప్పున రోజుకు పది గూడ్సులు బచేలి నుంచి కదిలినా అది మోయడానికి దాదాపు 31,500 ఏళ్లు పడుతుంది. సగం పలకకు రెండు వ్యాగన్లు, రెండో సగానికి ముప్పై వేల ఏళ్లు. రెట్టింపు అంటే ఏమిటో ఒంటికి తెలిసేది ఇక్కడే. చక్రవడ్డీ గురించి, అంటురోగాలు పాకే తీరు గురించి తర్వాత ఎవరు ఏం చెప్పినా ఈ రెండు వ్యాగన్లు మనసులో ఉంటాయి.

ఒకదాన్ని దానితోనే గుణించుకుంటూ పోయే కిటుకు మల్లనది కాదు, మహావీరుడిదీ కాదు. రెండు వేల ఏళ్లకు పైబడిన పింగళుడి ఛందశ్శాస్త్రంలో అది ఉంది. పింగళుడి ప్రశ్న గింజల గురించి కాదు, గురు లఘువుల గురించి. ఒక పాదంలో ఇన్ని అక్షరాలుంటే, ప్రతి అక్షరం గురువో లఘువో కావచ్చు కాబట్టి, మొత్తం ఎన్ని రకాల పాదాలు సాధ్యం? ఒక అక్షరానికి రెండు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. ఆ ఎనిమిదీ మనకు బాగా తెలిసిన య, మ, త, ర, జ, భ, న, స గణాలే. ఎనిమిది గణాలు అని బడిలో బట్టీ పట్టినవాళ్లలో, అవి తొమ్మిది ఎందుకు కాకూడదో అడిగినవాళ్లు ఎంతమంది? అడిగి ఉంటే ఆ రోజే గణితం మొదలయ్యేది.

మన ఛందో గ్రంథాల్లో ప్రతి వృత్తానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఉత్పలమాల 20 అక్షరాల పాదం. అలాంటి పాదాలు మొత్తం 10,48,576. వాటిలో ఉత్పలమాల 3,55,799వది. ఈ సంఖ్యను పుస్తకంలో చూసి ముందుకు సాగిపోయేవాళ్లమే అందరం. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి పావుగంట చాలు. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ. పాదాన్ని గురు లఘువులుగా రాసి, మొదటి అక్షరం మీద 1, రెండోదాని మీద 2, మూడోదాని మీద 4, ఇలా రెట్టిస్తూ ఇరవై అక్షరాల మీదా సంఖ్యలు వేయండి. లఘువుల మీద పడ్డ సంఖ్యలను మాత్రమే కూడండి. 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 2,62,144. మొత్తం 3,55,798. ఒకటి కలపండి. వచ్చేసింది. ఆ ఒకటి ఎందుకంటే, అన్నీ గురువులే ఉన్న పాదానికి కూడవలసింది ఏమీ ఉండదు, దాన్ని సున్నగా కాక ఒకటోదిగా లెక్కపెడతారు కాబట్టి.

ఈ పద్ధతికి శాస్త్రంలో ఉద్దిష్టం అని పేరు. సంఖ్య చెబితే పాదాన్ని రాబట్టే ఎదురు పద్ధతి నష్టం. ఇవి తెలిసిన మనిషికి కంప్యూటర్లు వాడే రెండంకెల లెక్కను కొత్తగా నేర్పనక్కర్లేదు. గురువును సున్న అనుకుని లఘువును ఒకటి అనుకుంటే ఉత్పలమాల పాదమే ఆ లెక్కలో ఒక సంఖ్య. ఇప్పుడు మల్లన పద్యం దగ్గరికి మళ్లీ రండి. అది చంపకమాల అన్నాను కదా. 21 అక్షరాలు, న జ భ జ జ జ ర. దాని సంఖ్యను మీరే కట్టుకోండి. 7,11,600 రావాలి. రెట్టింపుల గురించి చెప్పే పద్యం, తానూ ఒక రెట్టింపుల వరుసలో ఒక చోట కూర్చుని ఉంది. మల్లన దాన్ని ఉద్దేశించాడని నేను అనను. కానీ లెక్కా కవిత్వమూ వేర్వేరు ఇళ్లలో పెరగలేదనడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం కనబడదు.

పండితుల సంగతి సరే, పల్లెలో గింజలు కొలిచే అమ్మకు ఇదంతా తెలుసా అని అడగవచ్చు. ఆమె చేతిలోనే ఉంది. మన పాత కొలతలు చూడండి. రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఎనిమిది రెట్టింపులు. తూముకు 256 గిద్దెలు. కుంచానికి 64, చదరంగం గళ్లన్ని. గిద్దె నుంచి ఇరస దాకా ఒక్కో కొలపాత్ర ఒక్కటే ఉన్నా, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి, 1 నుంచి 255 గిద్దెల దాకా ఎంత కావాలంటే అంత కొలవవచ్చు. 100 గిద్దెలు కావాలా? ఒక కుంచం, ఒక అడ్డ, ఒక సోల. 64, 32, 4. ఇంకో విధంగా కొలవడం కుదరదు. ఎందుకు కుదరదో ఆలోచించడం మంచి లెక్క.

పది పదిగా కాకుండా రెండు రెండుగా ఎందుకు పెట్టుకున్నారు? కుప్పను పది సమ భాగాలు చేయడం కష్టం, సగం చేయడం ఎవరికైనా వచ్చు. తక్కెడ ఒక్కటుంటే రాళ్లు కూడా అక్కర్లేదు. మన పాత భిన్నాలు కూడా ఈ సగాల నుంచే వచ్చాయి. పాతిక అంటే నాలుగో వంతు, వీసం పదహారో వంతు, కాని అరవైనాలుగో వంతు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయి కూడా ఇదే దారిలో నడిచింది. 16 అణాలు, 64 పైసలు. ఈ భిన్నాలకు తెలుగు లిపిలో ప్రత్యేకంగా గుర్తులు ఉండేవి. 2008లో ఆ గుర్తులూ తూము గుర్తూ యూనికోడ్‌లో చేరాయి. మన ఫోన్లకు ఆ అక్షరాలు తెలుసు, మనకే తెలియదు. ఇక్కడి వారపు సంతలో పైలి కొలత చూసినవాళ్లకు ఇంకో సంగతి. ఛత్తీస్‌గఢ్ రైతుల పాత లెక్కలో నాలుగు పైలీలు ఒక కాఠా, ఇరవై కాఠాలు ఒక ఖండి. మన లెక్కలో నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కొండకు ఈ పక్కా ఆ పక్కా ధాన్యం ఒకే తీరులో లెక్కకు వచ్చింది.

పాత లెక్కలు మన చుట్టుపక్కల రాళ్ల మీద కూడా ఉన్నాయి. బచేలి నుంచి దంతెవాడ, గీదం దాటి వెళితే బార్సూరు వస్తుంది. ఛిందక నాగ రాజుల కాలపు గుళ్లు అక్కడ ఉన్నాయి. బత్తీసా గుడికి 32 స్తంభాలు, వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసలు. బార్సూరులో దొరికిన ఒక తెలుగు శాసనం జగదేకభూషణ మహారాజు ఏలుబడిలో ఆయన సామంతుడు చంద్రాదిత్యుడు కట్టించిన గుడి గురించి చెబుతుంది. దాని మీది తేదీ శక సంవత్సరం 983. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని చదువుకున్నాం. 983కి 78 కలిపితే 1061. చరిత్ర పుస్తకాలు మాత్రం 1060 అంటాయి. ఎవరిదీ తప్పు కాదు. మనం వయసు చెప్పేటప్పుడు కూడా ఒకరు "నలభై నిండాయి" అంటారు, ఇంకొకరు "నలభయ్యో ఏడు నడుస్తోంది" అంటారు. శాసనాల్లోనూ గడిచిన ఏడు చెప్పేవాళ్లున్నారు, నడుస్తున్న ఏడు చెప్పేవాళ్లున్నారు. వృత్త సంఖ్య చివర ఒకటి కలపడంలో కనబడ్డ చిక్కే ఇది, లెక్క సున్న నుంచా ఒకటి నుంచా అన్నది. 78 కలిపే అదే సూత్రాన్ని కంబోడియాలో దొరికిన ఒక శాసనానికి వాడి చూడండి. శక 605, అంటే క్రీ.శ. 683. ఆ 605లోని నడిమి సున్నను చుక్కగా చెక్కారు. తేదీ తెలిసిన సున్నల్లో అత్యంత పాతవాటిలో అది ఒకటి. మల్లన తెలుగులో లెక్కలు రాసిన శతాబ్దంలోనే మన ఊరికి ఇంత దగ్గరలో, బార్సూరులో, తెలుగులో రాళ్లు చెక్కారన్న సంగతి ఇక్కడి తెలుగు పిల్లలకు తెలియాలి.

సున్న దగ్గరికి వచ్చాం కాబట్టి, చరిత్ర ఇచ్చే అతి పెద్ద ధైర్యం గురించి చెప్పాలి. అది పెద్దవాళ్ల పొరపాట్లలో దొరికే ధైర్యం. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో కూడిక, తీసివేత, గుణకారం ఎలా చేయాలో చక్కగా నియమాలు రాశాడు. ధనం, రుణం అని సంఖ్యలను విడదీసి, రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నాడు. భాగహారం దగ్గర మాత్రం తడబడ్డాడు. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు. సుమారు రెండు శతాబ్దాల తర్వాత మన మల్లనకు మూలమైన మహావీరుడు, ఏ సంఖ్యను సున్నతో భాగించినా అది మారదు అన్నాడు. 1150లో భాస్కరాచార్యుడు సున్నతో భాగించగా వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి, ఎంత కలిపినా ఎంత తీసినా మార్పు లేని అనంతంగా వర్ణించాడు. ముగ్గురూ మహా పండితులే. ముగ్గురివీ మూడు జవాబులు.

ఇప్పుడు మీ అబ్బాయి 5ని సున్నతో భాగిస్తే 5 అని రాశాడనుకోండి. వాడు మందబుద్ధి కాదు, మహావీరాచార్యుడి పక్కన నిలబడ్డాడు. ఎవరికీ పంచకపోతే ఐదూ మిగిలాయి కదా అన్నది వాడి వాదన, మహావీరుడి వాదన కూడా ఇంచుమించు అదే అయి ఉండాలి. కొట్టివేసే బదులు వాణ్ణి ఇంకొక్క అడుగు నడిపించండి. 6ను 2తో భాగిస్తే 3, ఎందుకంటే 3ను 2తో గుణిస్తే 6. అలాగైతే నీ 5ను సున్నతో గుణించి చూడు, 5 వస్తుందా? రాదు. ఇంకే సంఖ్యతో అయినా వస్తుందా? రాదు. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబుగా నిలబడే సంఖ్య ఏదీ లేదు. సున్నను సున్నతో భాగిస్తేనో? ఏ సంఖ్య చెప్పినా సరిపోతుంది, కాబట్టి ఒక్క జవాబంటూ లేదు. కాలిక్యులేటర్ తప్పు చూపించడానికి కారణం ఇదీ. ఐదు నిమిషాల్లో బిడ్డ అయిదు శతాబ్దాల వాదాన్ని నడిచి వచ్చాడు. ఎన్ని అభ్యాసాలు చేయిస్తే ఇది వస్తుంది?

మహావీరుడికి న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదని ఆయన స్పష్టంగా రాశాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత 1545లో ఇటలీలో కార్డానో పుస్తకంలో ఆ లేని మూలాలు మళ్లీ తలెత్తాయి. 1572లో బొంబెల్లి వాటితో లెక్కలు చేయడానికి నియమాలు రాశాడు. ఇవాళ విద్యుత్తు చదివే పిల్లలు వాటిని రోజూ వాడతారు. లేదన్నదాన్ని లేదని గుర్తించడం మొదటి మెట్టు, లేనిదానితోనే పని చేయించుకోవడం తర్వాతి మెట్టు.

వృత్తం చుట్టుకొలత కథ కూడా ఇంతే గొప్పది, చాలామందికి తెలిసిందే కాబట్టి ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. ఇరవై మూడేళ్ల ఆర్యభటుడు 499లో, వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832 అని చెబుతూ, ఇది దగ్గరి విలువ మాత్రమే అని జాగ్రత్తగా అన్నాడు. మన పుస్తకాల్లో 22/7 పక్కన ఆ జాగ్రత్త చాలాసార్లు కనబడదు. పిల్లలు అదే అసలు విలువ అనుకుంటూ పెద్దవాళ్లవుతారు.

ఈ దారిలో ఒక పెద్ద గొయ్యి కూడా ఉంది. చరిత్ర పేరుతో అబద్ధాలు చాలా తిరుగుతున్నాయి. ఆర్యభటుడు సున్న కనిపెట్టాడని మన పిల్లల నోట ఇప్పటికీ వినబడుతుంది. ఆయన స్థాన విలువను ఎరిగినవాడు, కానీ సున్నతో లెక్కలకు నియమాలు రాసి మనకు మిగిల్చింది బ్రహ్మగుప్తుడు. వేద గణితం పేరుతో అమ్ముడయ్యే కిటుకులు భారతీ కృష్ణ తీర్థ గారి పుస్తకంలోవి, అది 1965లో అచ్చయింది. ఆ సూత్రాలు మనకు దొరికే వేద సంహితల్లో లేవని గణిత చరిత్ర చదివిన మన పండితులే చెప్పారు. ఆ కిటుకుల్లో కొన్ని బాగానే ఉంటాయి, నేర్చుకోవచ్చు. వాటికి మూడు వేల ఏళ్ల వయసు అంటగట్టడం మాత్రం తప్పు. నిజమైన శుల్బసూత్రాల్లో, భుజం ఒకటైన చతురస్రం కర్ణానికి ఇచ్చిన విలువ చూడండి. ఒకటి, దానికి మూడో వంతు, అందులో నాలుగో వంతు కలిపి, ఆ చివరిదానిలో 34వ వంతు తీసేయమన్నారు. 1.4142157 వస్తుంది. అసలు విలువ 1.4142136. యజ్ఞవేదికకు ఇటుకలు పేర్చుకునేవాళ్లు సాధించిన ఈ నాణ్యం ముందు కల్పిత గొప్పలు ఎవరికి కావాలి?

ఇక పద్ధతి గురించి, అనుభవంలో నాకు సరైనదిగా తోచింది చెబుతాను. పాత లెక్కను పాత తీరులోనే, చేత్తో, ఒకసారి చేయాలి. గిద్దెల లెక్కను లీటర్లలోకి మార్చేసి చేస్తే దాని ప్రాణం పోతుంది. చేశాక ఇప్పటి తీరులో చేసి రెండూ పక్కపక్కన పెట్టాలి. ఏది సుళువో, ఎందుకు సుళువో అప్పుడే తెలుస్తుంది. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలన్న పట్టుదల అక్కర్లేదు. ఒక్క ప్రశ్నను పట్టుకుని, దాని వెంట శతాబ్దాలు దాటడం మేలు. ఇంకొకరికి చెప్పాలి కూడా. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ మన వీధిబడుల మీద రాసిన నివేదికలో రెండు విషయాలను మెచ్చుకున్నాడు. పిల్లలు ఇసుక మీద వేలితో రాసి తక్కువ ఖర్చుతో నేర్చుకోవడం ఒకటి, ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి నేర్పడం రెండోది. రెండూ ఇవాళ కూడా పైసా ఖర్చు లేనివే.

మన ఊళ్లో దీనికి ఇంకో విలువ ఉంది. ఇక్కడి తెలుగు పిల్లలు హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. ఎక్కాలను పహాడా అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం చాలామందికి రాదు. వాళ్లకు తెలుగు నేర్పుదామని శతక పద్యాలతో మొదలుపెడితే కొందరు వింటారు, కొందరు జారుకుంటారు. కానీ ఒక పద్యంలో ఇరవై అంకెల సంఖ్య దాగి ఉంది, తీసి చూపించు అంటే పరీక్షల్లో లెక్కలు తప్పే పిల్లవాడు కూడా దగ్గరికి జరుగుతాడు. తెలుగు కోసం వచ్చినవాడికి లెక్క దొరుకుతుంది, లెక్క కోసం వచ్చినవాడికి తెలుగు దొరుకుతుంది. నాన్నకు గూడ్సుల లెక్క వచ్చు, అమ్మమ్మకు తవ్వ, సోల తెలుసు. వాళ్లిద్దరూ ఆ పాఠంలో గురువులవుతారు.

కాబట్టి ఇక్కడి తెలుగు పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికి పంచాంగ శ్రవణం ఏర్పాటు చేస్తాం, పిల్లలతో పాటలు పాడిస్తాం. వచ్చే ఉగాదికి ఒక గంట పావులూరి మల్లనకు ఇవ్వండి. పిల్లల చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి ఆ ఆరు గుణకారాలూ చేయించండి, ఆ తర్వాతే పద్యం చదివి అంకెలు విప్పించండి. ఇంట్లో గిద్దె, సోల, తవ్వ మిగిలి ఉన్నవాళ్లు తీసుకురండి. తెలుగు విశ్వవిద్యాలయాలకు కూడా ఇదే మాట: పావులూరి గణితాన్ని పద్యం, తేట తెలుగులో అర్థం, నేటి అంకెల్లో సాధన కలిపి, బస్సులో చదువుకునే సైజులో, కార్మికుడు కొనుక్కోగల ధరకు వేయండి. వెయ్యేళ్ల కిందట మల్లన ఎవరి కోసం రాశాడో ఆ పాఠకులు బచేలిలోనూ ఉన్నారు.